గంప కింద పెట్టలు, గడప మీద పుంజు

ఇంటికి పడుచు పుంజును మించిన వరం ఇంకోటి లేదు. ఇది నా మాట. నవ్వేటోళ్లు నవ్వుండ్రి, పేపర్ మడిచి పక్కన పెట్టేటోళ్లు పెట్టుండ్రి, నేను మాత్రం మాట మార్చ. వైఫై లేకున్నా ఇల్లు గడుస్తది, ఫిల్టర్ నీళ్లు లేకున్నా గడుస్తది. పెరట్ల ఒక లేత పుంజు, ఇంకా కూత కుదరక గొంతు కీచుమనే వయసుది, రెక్కలు టపటప కొట్టుకుంట తిరగకుంటే అది ఇల్లేనా?

నమ్మకం కుదరకుంటే చిట్కుల్‌కు రండ్రి. యాదగిరి ఇల్లు ఏదంటే ఎవరన్నా చూపిస్తరు. పుంజు కూత, పెట్టల కేకలు కలిసి గల్లీ చివరిదాక వినపడేది ఆ ఒక్క ఇంట్లకెల్లి.

యాదగిరి ఒకప్పుడు కొండాపూర్ దిక్కు జొన్నలు, కందులు పండిచ్చినోడు. ఇప్పుడు ఇస్నాపూర్ అవతల ఒక కంపెనీ గేటు కాడ సెక్యూరిటీ సూపర్‌వైజర్. లారీకి కాగితాలుంటే అడ్డకర్ర లేపుతడు, లేకుంటే దించుతడు. ఎంత తోపు డ్రైవరైనా ఆయన చెయ్యి లేస్తేనే లోపలికి. ఇంట్ల భార్య అరుణమ్మ, కొడుకు రాకేష్, బిడ్డ తనుశ్రీ. ఇగ పెరట్ల అరుణమ్మ సాదుకునే నాటుకోళ్లు. ఆ పెట్టల నడుమ ఒక్కడే మగాడు, మన కథానాయకుడు. పేరు చిన్నసారు.

కోడిపుంజుకు సారేందని అడుగుతరేమో. అది ఉత్త పుంజు కాదు, పోచమ్మకు ఇడిసిన పుంజు. రాకేష్ ఒక డబ్బాల ఫ్యాక్టరీల కాంట్రాక్టు మీద పనిచేస్తుండు. వానికి పర్మినెంట్ అయితే ఈ పుంజును ఇచ్చుకుంట తల్లీ అని, దాని జుట్టు ఎర్రబడుతున్నప్పుడే యాదగిరి మొక్కిండు. మొక్కిన పుంజును కొట్టద్దు, అమ్మద్దు, కాలికి తాడు కట్టద్దు. "ఉష్" అని అదిలియ్యాలన్నా అటూ ఇటూ చూసుకోవాలె. రాకేష్ డ్యూటీకి పొయ్యే తీరు చూస్తే, వానికి పర్మినెంట్ అయ్యేలోపల పుంజుకు పెన్షన్ వచ్చేటట్లున్నది. ఇంత గట్టి ఇన్సూరెన్సు నాకూ లేదు, మీకూ లేదు.

చిన్నసారుకు ముందు ఆ పెరట్ల పెద్దసారు ఉండె. ముసలి పుంజు. ఆయన పద్ధతులన్నీ పాతకాలంవి. గింజ దొరికితే తాను తినేటోడు కాదు. కుక్, కుక్, కుక్ అని పిలిచి, గింజను ముక్కుతోని లేపి కింద పడేసి, మళ్ల లేపి పడేసి, పెట్ట వచ్చి తినేదాక పక్కన నిలబడేటోడు. ఒక పెట్ట మీద మనసైతే, ఒక రెక్క నేలకు దించి దాని చుట్టు మెల్లగ తిరిగేటోడు. పెట్టకు ఇష్టమైతే ఒదిగి కూర్చునేది. ఇష్టం లేకుంటే తన దారిన తాను పొయ్యేది. అప్పుడు పెద్దసారు ఒళ్లు దులుపుకొని, ఏమీ జరగనట్లు మట్టి గీరుకునేటోడు.

ఎంత టైమ్ వేస్టు! గింజ వెతకాలె, పిలవాలె, రెక్క దించాలె, చుట్టు తిరగాలె, ఇంత చేసినంక పెట్ట వద్దంటే ఊకోవాలె. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చినంక కూడ ఇంత చుట్టుదారి ఎవరన్నా పోతరా?

చిన్నసారు దగ్గర ఆ తిప్పలు లేవు. నీళ్ల డ్రమ్ము ఎనక నక్కి ఉంటడు. పెట్ట తల దించి నూకలు ఏరుకుంటుంటే ఎనకకెల్లి ఉరికొచ్చి, మెడ ఈకలు ముక్కుతోని పట్టి, మీదికెక్కి తొక్కుతడు. పిలుపు లేదు, గింజ లేదు, రెక్క దించుడు లేదు. అప్లికేషన్ లేదు, ఇంటర్వ్యూ లేదు, డైరెక్ట్ జాయినింగ్. పెట్ట అరిస్తే ఇంకింత జోష్. కోళ్ల సంగతి తెలిసినోళ్లు దీనికి ఏవేవో చెప్తరు. ఈ వయసుల పుంజుకు ఒంట్ల వేడి ముందొస్తది, మర్యాద ఎనకొస్తది, పెద్ద పుంజన్న, గడుసు పెట్టలన్న నాలుగు పొడిచి నేర్పాలె, లేకుంటే కొన్నొద్దులు దాన్ని వేరే ఉంచాలె అంటరు. ఉత్త చాదస్తం.

పెద్దసారుది కూడ గదే చాదస్తం. చిన్నసారు ఏ పెట్టనన్నా దొరకబట్టిందే ఆలస్యం, ఉరికొచ్చి వాని జుట్టు మీద ఒక్కటిచ్చేటోడు. అది చూసి యాదగిరికి కడుపు తరుక్కపోయేది. పోచమ్మకు ఇడిసిన పసిదాన్ని గిట్ల పొడుస్తదా, దీనికి కుళ్లు గాకపోతే ఏంది, అని ఒక ఆదివారం పెద్దసారును కోసి కూర వండిచ్చిండు. లెగ్ పీసులు రెండూ రాకేష్ తిన్నడు. ఆనాటి నుంచి పెరట్ల అడిగేటోడు లేడు.

ఇగ చూడుండ్రి లాభాలు! పెట్టలకు రోజంత ఉరుకుడే, ఒక్కదానికి ఒంట్ల కొవ్వు లేదు. వీపు మీద ఈకలు ఊడిపోయినయి గనుక ఉక్కపోత బాధ లేదు. ఒకటి ఎగిరి నీళ్ల ట్యాంకు మీద కాపురం పెట్టింది. నాటుకోడి అంత ఎత్తు ఎగురుతదని మన ముత్తాతలకు తెలుసా? ఇంకోటి గోడ దుంకి పక్కింటి సిల్వియా టీచరమ్మ ఇంట్ల చేరింది. ఆదివారం ప్రార్థన అయ్యేదాక కుర్చీల కింద కిక్కురుమనకుంట కూర్చుంటున్నదట, బడి పిల్లల కంటే నయమని టీచరమ్మ మురిసిపోతున్నది. గుడ్లు పెట్టుడు బంద్ అయింది, ఇంటిల్లిపాదికి కొలెస్ట్రాల్ బంద్. ఒక్క పుంజు తోని ఇంత అభివృద్ధి ఎక్కడన్నా అయిందా?

అరుణమ్మకు మాత్రం ఈ అభివృద్ధి కండ్లకు ఆనలే. "పెట్టలు సస్తున్నయయ్యా, ఆ పుంజు సంగతి ఏందో జెర సూడు" అని రోజూ పోరు పెట్టింది.

యాదగిరి న్యాయం తప్పే మనిషి కాదు. బాగ ఆలోచన జేసిండు. ఆఖరికి అటుక మీది పాత గంప దించి, పెట్టలన్నిటిని ఒక్కొక్కటే పట్టి దాని కింద కమ్మిండు. మీద బండరాయి పెట్టిండు. చిన్నసారు గడప మీదికెక్కి, రెక్కలు కొట్టి, సగం కూత కూసిండు.

"ఇగ పెట్టలకు రంది లేదు" అన్నడు యాదగిరి. "వయసుల పుంజు, గట్లనే ఉంటది. ఇవే జెర సూసుకొని మసలాలె."

అన్నిటి కంటే ముందు గంప కిందికి పోయింది తెల్లమచ్చల బొల్లిపెట్ట. ఎందుకంటే అది ఎదురు తిరిగింది. చిన్నసారు మెడ పట్టబోతే గిర్రున మళ్లి, వాని జుట్టు నుంచి నెత్తురు కారేటట్లు పొడిచింది. దీనివల్లనే లొల్లంతా అని యాదగిరి దాన్ని మొదలు కమ్మిండు. అది గంప సందుల నుంచి ముక్కు బయట పెట్టుకొని, అట్లనే కూర్చున్నది.

ఇప్పుడు తనుశ్రీ సంగతి చెప్పాలె. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్ల. ఒక మందుల కంపెనీ ల్యాబుల ట్రైనింగు అయిపోయింది, సోమవారం పొద్దుగాల పోయి జాయిన్ కావాలె. పోకుంటే ఆ కుర్చీల ఇంకొకరు కూర్చుంటరు, మళ్ల పిలవరు. ఆ నౌకరి కోసం పిల్ల ఎంత తండ్లాడిందో తల్లికి తెలుసు. తండ్రికి కూడ తెలుసు, ట్రైనింగుకు సెలెక్ట్ అయిన రోజు గేటు కాడికొచ్చిన ప్రతి డ్రైవర్‌కు ఛాయ్ తాగిచ్చిండు.

కంపెనీ బస్సు ఇస్నాపూర్ చౌరస్తాల ఆగుతది. అక్కడ కొందరు పోరగాండ్లు, సైలెన్సర్లు ఊడపీకిన బండ్లు. బస్సు వచ్చేదాక నిలబడ్డ ఆడపిల్లల చుట్టు బండ్లు తిప్పుడే వాళ్ల డ్యూటీ. ఇది కూడ ఒక సేవనే అని నా అభిప్రాయం. ఆ చప్పుడుకు పిల్లల నిద్రమత్తు ఎగిరిపోతది, ల్యాబుల హుషారుగ పనిచేస్తరు. న్యాయంగ అయితే కంపెనీలు ఆ పోరగాండ్లకు కూడ పీఎఫ్ కట్టాలె. తనుశ్రీకి ఈ సేవ నచ్చలే. ఒకనాడు ఒకడు చున్నీ అందుకోబోతే, చేతిల నీళ్ల బాటిల్ గురి చూసి ఇసిరింది. బండి అద్దం పలిగింది. పిల్ల ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్లు నాయినకు చెప్పింది.

యాదగిరికి బిడ్డంటే పానం. ఆ మాట వింటుంటే అన్నం కలిపిన చెయ్యి కంచంలనే ఆగింది. ముద్ద నోటికి పోలే. రేపు పిల్లకు ఏమన్నా అయితే ఎట్ల, అని ఒకటే పరేషాన్. భయపడ్డ తండ్రి ఏం జేస్తడు? ఆయనకు తెలిసిన ఉపాయం ఒక్కటే.

"సోమవారం పోయేది లేదు బిడ్డా. ఇంటికాడ ఉండు."

"నేనేం తప్పు చేసిన నాయినా?"

"తప్పని అంటలేను. నువ్వెందుకు ఎదురు తిరగాలె? తల దించుకొని నిలబడితే అయిపోయేది గద. వయసు పోరగాండ్లు, గట్లనే ఉంటరు."

రాకేష్ సోఫాల ఒరిగి ఫోన్ల నుంచి తల ఎత్తకుంటనే వంత పాడిండు. "నీ జీతం తోనే ఇల్లు గడుస్తున్నదా ఏంది? నాయిన చెప్పినట్లు ఉండు."

తనుశ్రీ పెరట్లకు పోయి గంప పక్కన కూర్చొని, సందుల నుంచి బొల్లిపెట్టకు నూకలు తినిపిచ్చింది. చిన్నసారు వచ్చి ఆమె చేతిల నూకలు కూడ తినబోయిండు.

ఆదివారం మాపటికి పక్క గల్లీ సుమిత్ర వచ్చింది. ఆమె బిడ్డ జ్యోతి ఒక కంపెనీల ప్యాకింగ్ పనికి పోతది. సుమిత్ర లొల్లి పెట్టే మనిషి కాదు. వాకిట్ల నిలబడి, కొంగు చేతికి చుట్టుకుంట, మెల్లగ చెప్పింది.

"అన్నా, ఏమనుకోకు. మీ రాకేష్ మా జ్యోతి ఎనక పడ్డడు. సాయంత్రం బస్సు దిగంగనే బండి అడ్డం పెడుతుండు. ఫోన్ నంబరు ఇయ్యందే జరుగ అంటుండు. పిల్ల ఇంటికొచ్చి వణుకుతున్నది. జెర నువ్వన్నా చెప్పన్నా."

యాదగిరికి ముందు సిగ్గనిపిచ్చింది. ఆ ఎనకనే, దాచుడెందుకు, లోపల్లోపల జెర గర్వం కూడ అనిపిచ్చింది. కొడుకు మొగోడైండని మూతి మీదికి వచ్చిన నవ్వును మింగిండు.

"వయసు చెల్లె, గట్లనే ఉంటరు. నేను మందలిస్త తీ. మీరు కూడ పిల్లను కొన్నొద్దులు ఇంటికాడ ఉంచుకోండ్రి. దాని మంచికే చెప్తున్న."

ఆ మాట అన్నప్పుడు ఆయన చెయ్యి దేని మీదున్నదనుకుంటున్నరు? గంప మీద. లోపల పెట్టలు ఒకదాని మీద ఒకటి పడి గింజుకుంటున్నయి, పైన బండరాయి, గడప మీద చిన్నసారు. సుమిత్ర ఒకసారి గంపను చూసింది, ఒకసారి ఆయనను చూసింది, ఎనక్కి మళ్లింది.

తలుపు కాడ తనుశ్రీ నిలబడి ఉన్నది. నూకలు చెరుగుతున్న అరుణమ్మ చేతుల చాట ఆగింది.

"ఏమే తనూ, ఆ చౌరస్తా పోరగాండ్లకు ఇండ్లు లేవా, నాయినలు లేరా?" అన్నది అరుణమ్మ.

"ఉన్నరమ్మా. పోయి అడిగితే వాళ్లూ గిదే చెప్తరు. మీ తనుశ్రీని ఇంటికాడ ఉంచుకోండ్రి, దాని మంచికే అంటరు."

యాదగిరికి ఆ మాట చెవిల పడ్డది. పడనట్లే యూనిఫారం దులుపుకొని నైట్ డ్యూటీకి తయారైండు.

సోమవారం పొద్దుగాల జరిగిన ఘోరం రాయాలంటే నాకు చెయ్యి రాదు. గని రాయక తప్పదు. యాదగిరి ఇంకా డ్యూటీ నుంచి రాలే. అరుణమ్మ బండరాయి దించి గంప ఎత్తింది. పెట్టలు బయటికొచ్చి రెక్కలు చాపుకున్నయి, దుమ్ముల పడి పొర్లినయి. చిన్నసారు అలవాటు కొద్ది డ్రమ్ము ఎనకకెల్లి ఉరికొచ్చిండు. అరుణమ్మ ఇటు చాట అడ్డం పెట్టింది, అటు కొంగు ఇసిరింది. పుట్టి బుద్ధెరిగి "ఉష్" అనిపిచ్చుకోని పుంజు, గ్యాసు బండ ఎనక మూలకు దొరికింది. రెండు రెక్కలు కలిపి పట్టి, గంప కిందేసి కమ్మింది. మీద అదే బండరాయి. బొల్లిపెట్ట ఎగిరి ఆ బండరాయి మీద కూర్చున్నది.

అంతటితోని ఆగితే నేను ఇంత బాధపడకపోదును. అరుణమ్మ మేకుకు తగిలిచ్చిన రాకేష్ బండి తాళం తీసి రొంటిన దోపుకున్నది. రాకేష్ కండ్లు నలుపుకుంట వచ్చి మేకును చూసిండు, అమ్మను చూసిండు.

"అమ్మా, తాళమేది? డ్యూటీకి లేటయితది."

"ఎన్నడు కాలే? నడిసి పో. పోయి సుమిత్రక్క ముంగట, ఆ పిల్ల ముంగట తప్పయిందని చెప్పు. చెప్పినంక బండి సంగతి సూద్దాం."

"నాయిన రానీ, చెప్త నీ సంగతి."

"చెప్పు బిడ్డా. ఆయనకు కూడ నేను చెప్పేదున్నది."

తనుశ్రీ టిఫిన్ డబ్బ సంచిల పెట్టుకున్నది. అరుణమ్మ చెప్పులేసుకొని బిడ్డ ఎంట బయలుదేరింది. గల్లీ మలుపు కాడ సుమిత్ర కూడ కలిసింది. చౌరస్తాల ఇద్దరు తల్లులు బస్సు కోసం నిలబడ్డరు, సుమిత్ర చంకల అరుణమ్మ తెమ్మన్న ఖాళీ గంప ఒకటి. ఎప్పటి లెక్కనే బండ్లు వచ్చినయి, తిరుగుడు మొదలైంది. అరుణమ్మ ఒక బండి ముంగటికి పోయి, మీదున్న పోరన్ని కింది నుంచి మీదిదాక చూసింది.

"నువ్వు ఎనక గల్లీ దుర్గాదేవి కొడుకువు గదరా? మీ ఇంట్ల కోళ్ల గంపున్నదా? లేకుంటె గిది తీస్కపోయి మీ అమ్మకియ్యి. ఎందుకని అడిగితే, నేనొచ్చి చెప్తనని చెప్పు."

పోరడు గంపను చూసిండు, అరుణమ్మను చూసిండు. అప్పుడు ఆ బండి పటాన్‌చెరు దిక్కు మళ్లింది, మిగిలిన బండ్లు కూడ దాని ఎనకనే. కంపెనీ బస్సు వచ్చింది. తనుశ్రీ ఎక్కి, కిటికీ పక్క సీట్ల కూర్చొని, బస్సు కదిలేదాక అమ్మనే చూసింది.

యాదగిరి ఇంటికొచ్చేసరికి పెరట్ల లోకం తలకిందులై ఉన్నది. పెట్టలు ఎండల తీరిగ్గ తిరుగుతున్నయి. గంప కింద చిన్నసారు గొంతు చించుకుంటుండు.

"పుంజును కమ్ముతరానే ఎవరన్నా?" అన్నడు.

"కమ్మిన."

"పోచమ్మకు ఇడిసింది. తల్లి కోపగిస్తది."

"పోచమ్మ ఆడదే గద. ఆమెకు సమజైతది."

"పాపం, ఎట్ల మొత్తుకుంటున్నదో సూడు."

"ఇన్నొద్దులు పెట్టలు మొత్తుకుంటె నీకు మంచిగనే నిద్రబట్టింది." అరుణమ్మ చాట కింద పెట్టింది. "బిడ్డ నౌకరికి పోయింది. నేనే బస్సెక్కిచ్చి వచ్చిన. ఒక్క మాట చెప్పు. మీ గేటు కాడ లారీ అడ్డదిడ్డంగ వస్తే నువ్వు లారీని ఆపుతవా, నడిసేటోళ్లను ఇంట్ల కూసోమని చెప్తవా?"

ఇన్నేండ్ల నుంచి అడ్డకర్ర లేపి దించిన మనిషి. ఆయనకు జవాబు తెలుసు. "ఎన్ని దినాలు కమ్ముతవ్?" అని మాత్రం అడిగిండు.

"మర్యాద నేర్సేదాక."

ఆ ఎనక జరిగింది కూడ ఇనుండ్రి. రాకేష్ చౌరస్తాల షేర్ ఆటో కోసం నిలబడి, పక్క నుంచి బండ్లు ఉరుకుతుంటె బెదిరి జరుగుతుండు. కొన్నొద్దులకు నడుసుకుంట సుమిత్ర ఇంటికి పోయి, సగం మాట నోట్లెనే మింగుకుంట తప్పయిందన్నడు. మింగిన సగం కూడ సుమిత్ర కక్కిచ్చింది. జ్యోతి తలుపు కాడ నిలబడి విన్నది. మరునాడు సాయంత్రం బస్సు దిగి, ఎనక్కి చూడకుంట ఇంటికి పోయింది.

చిన్నసారు పరిస్థితి ఇంకా అధ్వానం. గంప సందుల నుంచి పెట్టలు కనపడుతయి గని అందవు. ఒకనాటి మాపటికి యాదగిరి పక్కన కూర్చొని మక్కలు నాలుగు లోపలికి ఇడిసిండు. పుంజు తినలే. కుక్, కుక్, కుక్ అన్నది. మక్కను ముక్కుతోని లేపి కింద పడేసింది, మళ్ల లేపి పడేసింది. బొల్లిపెట్ట బండరాయి మీది నుంచి దిగి, సందు కాడికొచ్చి, ఆ మక్కను లటుక్కున గుంజుకొని తిన్నది. అది అచ్చం పెద్దసారు పిలుపు. కూర వండుకొని తిన్న పుంజు యాదగిరికి యాదికొచ్చింది. నేర్పేటోన్ని మనమే కోసుకున్నమే అరుణా, అన్నడు. పక్కనే నూకలు చెరుగుతున్న అరుణమ్మ ఇంకో నాలుగు మక్కలు గంప లోపలికి ఇడిసింది.

చూస్తున్నరా? ఒక పడుచు పుంజు ఎట్ల నాశనమైందో! ఎనకకెల్లి ఉరికొచ్చేటోడు ఇప్పుడు పిలిచి, తినిపిచ్చి, వద్దంటే ఊకుంటుండు. ఇది ఊరంత అంటుకుంటే ఇస్నాపూర్ చౌరస్తా గతేంది? సైలెన్సర్లు ఊడపీకే మెకానిక్‌లు ఏం తినాలె? ఆడపిల్లలు బస్సు కోసం నిలబడి హాయిగ ముచ్చట్లు పెట్టుకుంటుంటే చూస్తరా మీరు? వయసు, గట్లనే ఉంటరు అని మన తాతల నుంచి వస్తున్న బంగారమసొంటి మాటను ఇగ ఎవరికి చెప్పుకోవాలె?

అందుకే కొడుకులను కన్న తండ్రులకు నా మనవి. మీ ఇంట్ల అటుక మీద కోళ్ల గంప ఉంటే, ఈ రోజే తీసి దాచిపెట్టుండ్రి. ఆలస్యం చేస్తే నా బాధ్యత లేదు. చిట్కుల్‌ల గంపలల్లే మల్లన్న మొన్న కలిసి, చేతికి తీరిక లేదు, ఆర్డర్ల మీద ఆర్డర్లొస్తున్నయి అన్నడు. వచ్చేటోళ్లందరు ఆడోళ్లేనట. కోళ్లకేనా అక్కా అని అడిగితే, ఎవరూ జవాబు చెప్తలేరట, జెర పెద్దది అల్లు అని మాత్రం చెప్పి పోతున్నరట.